ఓడిల్ కలిపిన చీజు ముద్ద

కాళ్ళు చాపుకుని పడుకో నాన్నా. నాకూ ఇవాళ నడుం లాగేస్తోంది. చిన్న కథే చెబుతాను.

అనగనగా ఎక్కడో దూరాన ఫ్రాన్సు దేశంలో, ఎటు చూసినా గడ్డే కనిపించే ఒక పల్లె. ఆ పల్లెలో ఓడిల్ అని ఒకావిడ, ఆవిడ మొగుడు గాస్తోన్ ఉండేవాళ్ళు. వాళ్ళకి ఆవులుండేవి. ఓడిల్ పాలు విరగ్గొట్టి, గుడ్డలో మూటకట్టి వేలాడదీసేది. నీళ్ళన్నీ కారిపోయాక వెన్నలాంటి మెత్తటి ముద్ద మిగిలేది. అదే చీజు.

ఆ ఊళ్ళో ఒక పద్ధతి ఉంది. చీజుని చప్పగానే వడ్డిస్తారు. వెల్లుల్లి, ఉల్లికాడలు, మన కొత్తిమీరలాంటి ఒక ఆకు, ఉప్పు, మిరియాల పొడి పక్కన చిన్న చిన్న గిన్నెల్లో పెడతారు. ఎవరికి కావలసినట్టు వాళ్ళు కలుపుకోవాలి. నేను నీకు అన్నం కలిపి పెడతానే, అక్కడ అలా కలిపి పెట్టేది పళ్ళు రాని పిల్లలకే.

ఇలా ఉండగా గాస్తోన్‌కి జబ్బు చేసింది. జ్వరం తగ్గింది కానీ చేతులకి వణుకు మిగిలిపోయింది. చెంచా తిప్పితే సగం బల్ల మీద పడేది. అప్పుడాయన చీజు మానేశాడు. ఆ తర్వాత తిండే మానేసేలా ఉన్నాడు. ఒంటి మీద చొక్కా వేలాడిపోతోంది. మనిషి దక్కుతాడా అని ఓడిల్‌కి బెంగ పట్టుకుంది.

ముందు వంటింట్లోనే అన్నీ కలిపి తెచ్చిపెట్టింది. నేనేమన్నా పసివాణ్ణా అని ఆయన గిన్నె నెట్టేశాడు.

ఆ తర్వాత చెంచా తేలిగ్గా తిరుగుతుందని చీజులో మీగడ పోసి పలచన చేసింది. అది ఇంకా ఒలికింది. ఆయన చేతులు బల్లకింద దాచుకున్నాడు.

అప్పుడు గడ్డి కోతలొచ్చాయి. సాయానికి ఇరుగుపొరుగు వచ్చారు. పాలు పితకడం, వంట, మొగుడికి సేవ... సాయంత్రానికి ఓడిల్‌కి నిలబడే ఓపిక కూడా లేదు. అంతమందికీ ఆ చిన్న గిన్నెలన్నీ సర్దాలి, మళ్ళీ అన్నీ కడగాలి. వాటివంక ఒకసారి చూసింది. ఉన్నదంతా ఒక పెద్ద బేసిన్లో కుమ్మరించి, కలిపేసి, రొట్టెతో పాటు బల్లమీద పెట్టేసింది.

ఎవరూ ముట్టుకోలేదు. పక్కింటి ఎలోయీ మాత్రం, "ఏమ్మా ఓడిల్, మాకందరికీ పళ్ళూడిపోయాయా?" అన్నాడు.

"నా వల్ల కాదు ఎలోయీ. తింటే తినండి, లేదంటే లేచెళ్ళండి," అంది.

ఆకలి మీదున్నారు కదా, సణుక్కుంటూనే రొట్టెకి రాసుకుని తిన్నారు. గాస్తోన్ చుట్టూ చూశాడు. అందరూ కలిపిపెట్టిందే తింటున్నారు. ఆయనా ఒక ముక్క రెండు చేతుల్తో పట్టుకుని కొరికాడు. ఇంకో ముక్క తీసుకున్నాడు.

"వెల్లుల్లి తగ్గిందే, ఓడిల్," అన్నాడు.

"రేపు ఇంకాస్త వేస్తాలే," అంటూ ఆవిడ బల్లమీద తల వాల్చింది. ఆయన మూడో ముక్క కోసం చెయ్యి చాచడం చూడనేలేదు. అప్పటికే నిద్రపోయింది.

కథ కంచి దారి పట్టింది,
మన కంటికి కునుకు పట్టింది.