ఖాళీ అట్టలు చూపించిన సలోమి

అనగా అనగా, మిరపకాయల ఘాటుకి కాకులు కూడా తుమ్ముకుంటూ ఎగిరే ఒక ఊళ్ళో, సలోమి అని ఒకావిడ ఉండేది. ఆవిడ కడుపులో ఒక మాట ఉండేది బంగారూ. మొగుడికి చెప్పలేదు. అత్తకి చెప్పలేదు. ఆదివారం ప్రార్థనలో మోకాళ్ళ మీద కూర్చుని కూడా, ఆ మాట దగ్గరికొచ్చేసరికి ఆమెన్ అనేసి లేచిపోయేది.

ఏమిటా మాటంటే, కూతురు కృప కడుపులో ఉన్నప్పుడు సర్కారు వాళ్ళిచ్చిన రక్తం పట్టే బిళ్ళల్లో సలోమి మింగింది మూడంటే మూడే. మిగతావన్నీ పారేసింది. పారేసి, మింగానని చెప్పింది.

ఊఁ కొట్టు. కొట్టకపోతే కథ అలిగి కూర్చుంటుంది.

సలోమి కల్లంలో మిరపకాయలకి తొడిమలు తీసేది. పొద్దున కూర్చుంటే పొద్దు గూకాకే లేవడం. అలాంటి రోజుల్లో నెల తప్పింది. "మూడు నెలలు దాటేదాకా నోరెత్తమాకే, దిష్టి తగిలిద్ది" అంది అత్త మాణిక్యమ్మ. సరేనంది. అలా నాలుగో నెలలో ఒకరోజు పని మానుకుని ఆస్పత్రికి పోయింది.

పొద్దున పోతే మధ్యాహ్నం దాకా నిలబడే ఉంది. ఆ తర్వాత లోపలికి పిలిచారు. నర్సమ్మ ఎగాదిగా చూసింది.

"నాలుగో నెలా? ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నావమ్మాయ్, గుడ్లు పొదుగుతున్నావా?"

వరసలో ఉన్నవాళ్ళంతా కిసుక్కున నవ్వారు. సలోమి కూడా నవ్వింది. నవ్వకపోతే ఏడవాలి మరి.

నర్సమ్మ చెడ్డది కాదు తల్లీ. నాలుగూళ్ళకి ఆవిడొక్కతే. అలిసిపోయిన నోటికి ఏ మాట ఎక్కడ గుచ్చుకుంటుందో తెలీదు, అంతే.

బిళ్ళల అట్ట చేతిలో పెట్టి "రోజుకొకటి" అంది. అన్నం తిన్నాక మింగమని చెప్పలేదు. కడుపులో తిప్పితే బెదిరిపోవద్దని చెప్పలేదు. దొడ్డికి నల్లగా వస్తుంది, అది మామూలేనని చెప్పలేదు. మూడు మాటలు. నువ్వు గ్లాసుడు పాలు తాగేంతసేపు కూడా పట్టదు ఆ మూడు మాటలకీ.

సలోమి పరగడుపునే మింగింది. మొదటిరోజు కడుపులో తిప్పింది. రెండోరోజు వాంతయింది. మూడోరోజు దొడ్డికి నల్లగా రావడం చూసి బెదిరి అత్తకి చెప్పింది.

"నే చెప్పలా? ఆ బిళ్ళలు మింగితే బిడ్డ కొండంత అయిద్ది. కాన్పు కష్టమయిద్ది. మేమేం మింగి కన్నామే?" అంది మాణిక్యమ్మ.

మాణిక్యమ్మ ఆరుగుర్ని కంది. ముగ్గురు మిగిలారు. ఆ సంగతి ఆవిడా ఎత్తలేదు, సలోమీ అడగలేదు.

కానీ నర్సమ్మ నెలనెలా వచ్చి అట్టలు చూస్తుందే! అట్టలో బిళ్ళ కనపడిందా, పదిమందిలో మళ్ళీ గుడ్లు పొదుగుడే. అప్పుడు సలోమి ఏం చేసిందంటే, రోజూ ఒక బిళ్ళ అట్టలోంచి తీసి కొంగున ముడేసుకుని కల్లానికి పోయేది. విరిగిన కాయలూ పొట్టూ పోసే కుప్పలోకి దాన్ని జారవిడిచేది. ఎర్రటి కుప్పలో ఎర్రటి బిళ్ళ. దేవుడొచ్చి వెతికినా దొరకదు.

నెల తిరిగేసరికి ఖాళీ అట్టలు తీసుకెళ్ళి చూపించింది. నర్సమ్మ మొహం చాటంతయింది.

"చూడండే! సలోమిని చూసి నేర్చుకోండి. ఒక్క బిళ్ళ మిగల్చలేదు నా తల్లి. కొట్టండి చప్పట్లు!"

అంగన్‌వాడీలో కూర్చున్న కడుపుతో ఉన్నవాళ్ళంతా చప్పట్లు కొట్టారు. అట్ట తిప్పి తిప్పి చూశారే గానీ, సలోమి కంటి రెప్ప కిందికి లాగి ఎర్రగా ఉందా తెల్లగా ఉందా అని చూసినవాళ్ళు లేరు.

ఏంటే, చప్పట్లు కొడితే మంచిదే కదా అంటావా? మంచిదే. అబద్ధానికి కొట్టిన చప్పట్లు మాత్రం పచ్చబొట్టు లాంటివి. కడిగితే పోవు.

నెలలు నిండకుండానే కృప పుట్టింది. పిల్లిపిల్లంత ఉంది, ఏడుపు కూడా పిల్లి ఏడుపే. సలోమికి రక్తం ఆగలేదు. పెద్దాస్పత్రికి తీసుకెళ్ళి రెండు సీసాల రక్తం ఎక్కించారు.

"బిళ్ళలు మింగావా?" అనడిగింది డాక్టరమ్మ.

"మింగానండీ."

"మింగిందండీ, మా ఊళ్ళో ఫస్టు ఈమే" అంది పక్కనున్న నర్సమ్మ.

ఇంకేముంది! అందరిముందూ రాయి మీద చెక్కినట్టయింది ఆ అబద్ధం.

ఆ తర్వాత కృపతో పాటు అది కూడా పెరిగింది. పిల్లలకి టీకా సూదులేసే రోజొచ్చింది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, నర్సమ్మ గొంతు వినపడగానే సలోమికి చెమటలు. పిల్ల ఇంత బక్కగా ఎందుకుందని అడుగుతుందేమోనని పుట్టింటికి పోయానంది. రెండోసారి పిల్లకి జ్వరమంది. మూడోసారి తలుపేసుకుని లోపలే కూర్చుంది. నర్సమ్మ వాకిట్లోంచి పిలిచి పిలిచి, "పాపం పనికెళ్ళుంటుందిలే, సలోమి అట్టాంటిది కాదు" అనుకుంటూ పోయింది. తలుపు వెనకాల సలోమి ఆ మాట విన్నది. తిట్టినా బాగుండేది.

కృపకి నాలుగేళ్ళొచ్చాయి. బలపాలు తినేది. పలక మీద రాయమని ఇస్తే అ రాసేలోపు సగం నమిలేసేది. కొట్టారు, చేతికి వేపనూనె రాశారు. రక్తం లేని పిల్లలు అలా తింటారని ఆ ఇంట్లో ఎవరికి తెలుసు? సలోమికి తెలీకపోయినా అనుమానం మాత్రం ఉండేది. ఆ అనుమానాన్ని తొక్కిపెట్టి అన్నం వండేది.

ఇక్కడిదాకా అయితే ఇది ఒక తల్లి కథ. కానీ సలోమికి ఒక చెల్లెలుంది, ఎస్తేరు. పక్కూళ్ళోనే ఇచ్చారు. ఆ ఊరికీ ఈ నర్సమ్మే.

ఎస్తేరుకి నెల తప్పింది. బిళ్ళ మింగి వాంతి చేసుకుని, ఏడుస్తూ అక్క దగ్గరికొచ్చింది. చెల్లెలి ఏడుపు చూడలేకపోయిందో, తన తెలివి చూపించాలనిపించిందో, సలోమి గుట్టంతా విప్పింది. కొంగుముడీ, కుప్పా, ఖాళీ అట్టా. అక్కాచెల్లెళ్ళిద్దరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. తా చెడ్డ కోతి వనమెల్లా చెరిచిందంటారే, అది ఈ నవ్వు గురించే తల్లీ.

ఎనిమిదో నెలలో సలోమి గోంగూర పచ్చడి పట్టుకుని చెల్లెల్ని చూడబోయింది. ఇంటి ముందు మూడు మెట్లు. ఎదురొచ్చిన ఎస్తేరు అక్కతో వెనక్కి తిరిగి మొదటి మెట్టెక్కి ఆగింది. రెండో మెట్టెక్కి గోడ పట్టుకుంది. మూడో మెట్టు మీద కూలబడి ఆయాసపడింది. పెదాలు పిండి అద్దినట్టున్నాయి. పాదాలు ఉబ్బాయి. ఒళ్ళో గిన్నె, గిన్నెలో పచ్చి బియ్యం. పటపటా నములుతోంది.

"ఏందే ఈ తిండి?"

"ఏమోనక్కా, నోరూరిద్ది. అది సరేగానీ నీకో మాట చెప్పాలి. నర్సమ్మ నాక్కూడా చప్పట్లు కొట్టించిందక్కా! అక్కకి తగ్గ చెల్లెలంది." ఎస్తేరు నవ్వబోయింది. దగ్గొచ్చింది.

సలోమి పచ్చడి సీసా కింద పెట్టింది.

"ఎస్తేరూ, రేప్పొద్దున్నే ఆస్పత్రికి పోదాం. ఇయ్యాల్టి నుంచి బిళ్ళలు మింగు. అన్నం తిన్నాక మింగితే వాంతి కాదంట, పెద్దాస్పత్రిలో అనుకుంటుంటే విన్నా."

"ఇప్పుడా? తొమ్మిదో నెల రాబోతుంటే ఇప్పుడు చెప్తావా? నువ్వు మింగావా?"

"లేదే..."

"మరి నీకేమైంది? నువ్వు బతకలా? కృప పుట్టలా?"

అప్పుడు చెప్పాలి సలోమి. నేను చావబోయి బతికానని చెప్పాలి. కృప గోడ కూడా గీకి తింటోందని చెప్పాలి. నా పిల్లని నేనే అలా చేశానేమోనని నాలుగేళ్ళుగా అన్నం సయించట్లేదని చెప్పాలి. నోరు తెరిచింది.

"పచ్చడిలో ఉప్పు ఎక్కువైందేమో చూడు" అంది. అని బస్సెక్కి ఇంటికొచ్చేసింది.

ఏంటే అలా చూస్తావ్? పెద్దవాళ్ళు పిరికివాళ్ళు కారనుకున్నావా?

మర్నాడు కల్లంలో కూర్చుంది. పక్కావిడ కబుర్లాడుతూ, ఫలానా ఊళ్ళో ఒకమ్మాయి కాన్పులో పోయిందట, రక్తం లేదట, ఇరవై రెండేళ్ళట అంది. అని "తెల్లబడ్డ కాయే లేదు ఈసారి, ఎంత ఎరుపో చూడు" అంటూ ఇంకో గోతం విప్పింది. పేదింటి ఆడదాని చావుకి కల్లంలో దక్కే చోటు అంతే, రెండు గోతాల మధ్య.

సలోమికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తుడుచుకోవడానికి లేదు. చేతులనిండా కారం. మిరప కల్లంలో ఏడ్చేవాళ్ళు భుజంతో తుడుచుకోవాలి, లేదా కారనివ్వాలి. సలోమి కారనిచ్చింది. కారుతుంటే అనిపించింది. తను చెప్తే చెల్లెలు వినదు. ఎస్తేరు ఇంట్లోవాళ్ళు మాణిక్యమ్మలాగే అంటారు. ఎస్తేరుని ఇవాళే బండిలో ఎక్కించి పెద్దాస్పత్రికి పంపగలిగిన మనిషి ఒక్కతే ఉంది. నాలుగేళ్ళుగా ఏ గొంతు వినపడితే తలుపేసుకుంటోందో, ఆ మనిషే.

చెప్తే ఏమవుతుంది? పదిమందిలో తిడుతుంది. చప్పట్లు కొట్టినవాళ్ళే నవ్వుతారు. మొగుడు ఒకటి వేస్తాడేమో. చెల్లెలు జన్మలో మాట్లాడదేమో. మాట్లాడకపోనీ. మాట్లాడకుండా ఉండటానికైనా బతికుండాలిగా.

సలోమి లేచింది. "ఇంకా పొద్దుందిగా, ఎక్కడికే?" అన్నారెవరో. తొట్టి దగ్గర చేతులు ఒకసారి కడుక్కుంది. మంట పోలేదు. పోయేదాకా ఆగదలుచుకోలేదు. నర్సమ్మకి ఫోన్ చేసి, తన అబద్ధం దగ్గర్నుంచి మొదలుపెట్టి ఉన్నదంతా చెప్పెయ్యాలని అక్కడే, ఆ ఎండలోనే నిశ్చయించుకుంది.

కథ కంచి బాట పట్టింది,
కన్ను కునుకు బాట పట్టింది.