చెంచక్కకు కళ్ళు కనపడని రోజులు

నల్లమల అంచున కోతలైపోయిన చేలల్లో గొర్రెల కాపరి కాటమయ్య మంద కట్టేవాడు. ఒక చేలో తడికెలతో దొడ్డి వేసి, నాలుగు రోజులు గొర్రెల ఎరువు పడ్డాక ఆ తడికెలు పీకి పక్క చేలో పాతేవాడు. దొడ్డి ఎక్కడికి మారితే అక్కడికి మారేది కాపలా కుక్క కోటప్ప. పదకొండేళ్ళుగా మందను కంటికి రెప్పలా కాచిన కోటప్పకు ఈ మధ్య ముందుకాళ్ళ కీళ్ళు వాచాయి. పొద్దున లేవాలంటే మూలిగి మూలిగి లేస్తున్నాడు.

అది చూసి కాటమయ్య వాడి తల నిమిరాడు. తొలకరి పడగానే మంద కొండెక్కుతుందని, అప్పటికి నడవలేకపోతే ఊళ్ళో తన చెల్లెలి దగ్గర వదిలి వెళ్తానని చెప్పాడు. ప్రేమగానే చెప్పాడు. కోటప్ప మాత్రం ఆ పూట ముద్ద ముట్టలేదు. మంద లేని చోట ఎలా బతకాలో వాడికి తెలియదు.

ఈ సంగతి ముందుగా పసిగట్టింది నక్క లింగరాజు. మూడేళ్ళుగా ఆ దొడ్లోంచి ఒక్క పిల్లనైనా ఎత్తుకుపోలేక కడుపు మాడ్చుకుంటున్నాడు పాపం. మధ్యాహ్నం కాపరి కునుకు తీసే వేళ చూసి, నోట ఒక ఎండ్రకాయను పట్టుకొచ్చి కోటప్ప ముందు పెట్టాడు.

"మావా, ఈ వయసులో కాలు కదిపితే వాపు ఇంకా పెరుగుద్ది. కదలకుండా పడుకో. నీ తిండి సంగతి నేను చూసుకుంటాగా."

కోటప్ప మొదటి రోజు మొరిగాడు. రెండో రోజు తిన్నాడు. నొప్పెట్టే కాలును కదపొద్దంటే ఎవరికి చేదు? కాటమయ్య బండి నీడన గోనెపట్టా మీద పడుకుంటే ఎలుకో ఎండ్రకాయో మూతి దగ్గరికే వచ్చేది. పది రోజులు తిరిగేసరికి ఇటునుంచి అటు ఒత్తిగిల్లడం కూడా కష్టమైంది. నొప్పి కాళ్ళలోనే ఉన్నా ఒళ్ళంతా లోపల సన్నగా సెగ పెడుతున్నట్టు ఉండేది. విశ్రాంతి ఇంకా చాలలేదని లింగరాజు నచ్చజెప్పాడు.

మందలో అందరికన్నా పెద్దది మేక చెంచక్క. నక్క రాకపోకలు ఆవిడ కంట పడ్డాయి. కానీ కోటప్ప మొండితనం ఆవిడకు కొత్తేం కాదు, చెబితే వినే రకం కాదు. అందుకని ఒక పొద్దున తడబడుతూ వెళ్ళి వాడి ముందు నిలబడింది.

"తమ్ముడా, నాకు కళ్ళు కనపడటంలేదురా. ఆ తుమ్మచెట్టు దాకా తోడు రా. ఒక్కదాన్నే పోతే బావిలో పడతా."

"నా కాళ్ళు చూడక్కా, ఎట్టా వాచాయో."

"కనపడి చస్తేగా, చూడటానికి."

కోటప్ప గోనెపట్టా మీంచి ముందుకాలు కింద పెట్టాడు. కాపలా బుద్ధి ఊరుకోనివ్వదు. రెండుచోట్ల ఆగి, మూలుగుతూ, తుమ్మచెట్టు దాకా వెళ్ళి వచ్చాడు. మర్నాడు ఆవిడకు నీళ్ళతొట్టి దాకా తోడు కావలసివచ్చింది. సాయంత్రం తన మనవలు అందరూ ఉన్నారో లేదో దొడ్డి చుట్టూ తిరిగి చూసి రమ్మంది. ఏనాడూ ఎక్కువ దూరం నడిపించలేదు, అలాగని ఏనాడూ ఊరికే ఉండనివ్వలేదు. కోటప్ప సణుక్కుంటూనే తిరిగాడు. నెల గడిచేసరికి కీళ్ళ వాపు పూర్తిగా పోలేదు గానీ బాగా దిగింది, లోపలి సెగా చల్లబడింది. పొద్దున ఎవరూ పిలవకుండానే దొడ్డి చుట్టూ ఒక తిరుగుడు తిరిగి వస్తున్నాడు. ఎండవేళ మాత్రం గోనెపట్టా మీద పడుకోమనేది చెంచక్క. లింగరాజు వచ్చేది ఆ వేళకే కాబట్టి వాడికి రోజూ పడుకున్న కుక్కే కనపడేది.

తొలకరి పడింది. తెల్లవారగానే కాటమయ్య అటు తిరిగి తడికెలు పీకుతున్నాడు. లింగరాజు దాక్కోకుండా దర్జాగా నడిచివచ్చాడు. "లేవకు మావా, పడుకో పడుకో," అంటూ ఒక గొర్రెపిల్ల కాలు నోట కరిచాడు.

కోటప్ప లేచాడు.

నక్కకు వెనక్కి చూడాలని కూడా తోచలేదు. చూసేసరికి మావ మీదికొచ్చేశాడు. పిల్లను వదిలేసి లంఘించాడు గానీ తోకలో సగం బొచ్చు కోటప్ప నోట్లో ఉండిపోయింది. గట్టు మీద ఆగి, దాన్ని ఉమ్మేసి, కోటప్ప ఒక్క మాట అన్నాడు.

"ఇంకాస్త పరిగెత్తల్లుడా, కీళ్ళకు మంచిది."

కాటమయ్య ఈల వేసి వాడిని కూడా మందతో కొండకు తోలుకుపోయాడు. దారిలో వాగు అవతల, ముళ్ళపొద వెనక, వేలెడంత లేతచిగురు ఉంటే చెంచక్క గబగబా పోయి కొరికింది.

"అక్కా, అంత దూరాన ఉన్న చిగురు నీకెట్టా కనపడింది?"

"కొండగాలి తగిలింది కదరా," అంది ఆవిడ నములుతూ. "నిన్నటిదాకా ఏం కనపడలేదు."

కోటప్పకు అంతా అర్థమైంది. వెళ్ళి ఆవిడ పక్కన నడవసాగాడు.

"చూసుకో అక్కా, ముందు రాయుంది," అన్నాడు.

నీతి: పెద్దవయసులో మనల్ని కూర్చోబెట్టి తినిపించేవాళ్ళకన్నా, రోజూ నాలుగడుగులు వేయించేవాళ్ళే మన మేలు కోరేవాళ్ళు.