పిలవకుండానే లేచిన చిప్పులు

నూకరాజు రాసిన డ్రైవర్ పనిచేసింది. చిక్కల్లా అక్కడే వచ్చింది.

డ్రైవర్ అంటే బండి తోలేవాడనుకునేరు! యంత్రంలోని చిప్పులతో మాట్లాడే ప్రోగ్రాము. విశాఖ చేపలరేవు పక్క సందులో హైమావతి మేడమ్ ఒక చిన్న లాబ్ నడుపుతారు. అక్కడ తయారయ్యేది ఆపద పెట్టె. బోటు తిరగబడి నీళ్లు తగిలాయంటే చాలు, పెట్టె మేలుకుని శాటిలైటుకి కబురు పంపాలి. దాని పొట్టలో రెండే రెండు తీగలు. చిప్పులన్నీ వాటి మీదే వేలాడతాయి: కబురు పంపేదొకటి, గడియారం ఒకటి, బ్యాటరీని కనిపెట్టేదొకటి, గాలి ఒత్తిడి కొలిచేదొకటి. పెట్టె మేలుకోగానే మొట్టమొదట నడిచే ప్రోగ్రాముని బూట్‌లోడర్ అంటారు. చిప్పుల పాత డ్రైవర్‌ని ఆ బూట్‌లోడర్ కొత్త పద్ధతిలోకి మార్చడం నూకరాజు పని.

మార్చాడు. ఒక్క తప్పూ లేదు. కానీ పెట్టె పూర్తిగా లేచేసరికి చేతిలో టీ చల్లారిపోతోంది.

"పాతదానికంటే నయమే కదా మేడమ్," అన్నాడు.

"మునిగేవాడికి చెప్పు ఆ మాట," అన్నారు మేడమ్. "ఇలాగైతే సాయంత్రం ఈ పెట్టె బోటెక్కదు."

సాయంత్రం వేటకెళ్లేది నూకరాజు మేనమామ ఎర్రయ్య బోటు. కిందటేడు ఇదే రేవు బోటొకటి తిరగబడితే, ఎక్కడ వెతకాలో తెలిసేసరికే అంతా అయిపోయింది. పెట్టె లేకుండా మామ మళ్లీ సముద్రం మీదికి వెళ్లడమే!

మేడమ్ కంప్యూటర్ తెర మీదికి వంగి చూశారు. "ఇదేంట్రా, మొదట్లోనే చిప్పులన్నిటినీ వరసపెట్టి లేపుతున్నావు? కొత్త పద్ధతిలో ఏ చిప్పుతో పనిపడితే ఆ చిప్పునే బూట్‌లోడర్ పిలుచుకుంటుంది కదా?"

"పిలుస్తుంది మేడమ్. పిలిచినప్పుడు లేవకపోతేనో? ఎందుకైనా మంచిదని ముందే లేపి కూర్చోబెట్టాను."

ప్రోగ్రాములో ఆ వరసలంటే వాడికి మహా ముద్దు. సొంతంగా ఆలోచించి రాసినవి మరి.

మేడమ్ తెర ముందు నుంచి లేచారు. "పద, భోంచేద్దాం," అన్నారు.

కేరేజీలు విప్పారు. సోల్డరింగ్ చూసే బాషా గారు అప్పటికే తినేసి, మూల బల్ల మీద గుర్రుపెడుతున్నారు.

ఉన్నట్టుండి మేడమ్, "అందరూ లేచి నిలబడండి!" అని ఒక్క కేక పెట్టారు.

పరీక్షలు చూసే గీత ముద్ద చేత్తో పట్టుకునే లేచింది. నూకరాజుకి నీళ్లు పొలమారాయి. వాచ్‌మన్ పైడయ్య ఏం తగలబడిందోనని బయటనుంచి పరుగెత్తుకొచ్చాడు. బాషా గారు మాత్రం కదల్లేదు. మేడమ్ వెళ్లి తట్టారు. ఆయన కళ్లజోడు వెతుక్కుని, చెప్పులు వెతుక్కుని, "యా అల్లా, ఏమైందమ్మా?" అంటూ లేచేదాకా ఎవర్నీ కూర్చోనివ్వలేదు.

అప్పుడు తాను కూర్చున్నారు. "గీతా, ఆ మజ్జిగ ఇటివ్వమ్మా."

గీత ఇచ్చింది.

"మరి నన్నెందుకు లేపినట్టు?" బాషా గారికి ఒళ్లు మండిపోయింది.

"ఎందుకైనా మంచిదని," అన్నారు మేడమ్, అన్నం కలుపుకుంటూ.

గీత ఫక్కున నవ్వింది. నూకరాజు నవ్వలేదు. బాషా గారినే చూస్తూ ఉండిపోయాడు. గాలి ఒత్తిడి చిప్పు! అన్నిట్లోకీ మొద్దునిద్ర దానిదే. అది లేచేదాకా కబురు పంపే చిప్పుని ఊరికే నిలబెట్టిందెవరు?

"ఓరి నా బుర్ర తగలెయ్యా!" అంటూ చెయ్యి కడిగీ కడక్కుండా కంప్యూటర్ మీదికి ఉరికాడు.

ముద్దుగా రాసుకున్న వరసలన్నీ కొట్టేశాడు. ప్రాణం ఉసూరుమంది, అయినా కొట్టేశాడు. ఏ చిప్పు ఎక్కడుందో, దాని పేరేమిటో మాత్రం చెప్పి ఊరుకున్నాడు. లేపడం, లేపకపోవడం బూట్‌లోడర్‌కే వదిలేశాడు. ప్రోగ్రాముని పెట్టెలోకి ఎక్కించి, పెట్టెని బకెట్ నీళ్లలో బోర్లించాడు.

చెయ్యి ఇంకా పైకి తియ్యనేలేదు, ఎర్రదీపం వెలిగింది!

"వచ్చేసింది! కబురు వచ్చేసింది!" గీత తన తెర చూసి గావుకేక పెట్టింది. పైడయ్య ఈల వేశాడు. బాషా గారు కోపమంతా మరిచిపోయి, "శభాష్ రా!" అని నూకరాజు వీపు మీద ఒక్కటి చరిచారు. మళ్లీ ముంచారు. మళ్లీ వెలిగింది. వంతులేసుకుని మరీ ముంచారు. ఒక్కసారైనా తడబడితే ఒట్టు!

పొద్దువాలేసరికి పెట్టెని ఎర్రయ్య బోటుకి బిగించారు. ఇంజను అందుకుంది. నూకరాజు ఒక కాలు గట్టు మీద ఉంచి, రెండో కాలు బోటు అంచున పెట్టేశాడు.

"నేనూ వెళ్తాను మేడమ్. నడిసముద్రంలో దీనికేమైనా అయితే ఎవరు చూస్తారు?"

"నువ్వు రాసింది వెళ్తోంది కదరా," అన్నారు మేడమ్. "నిన్నెవరు పిలిచారు?"

నూకరాజు మామ వంక చూశాడు. కాలు వెనక్కి తీసుకుని, తాడు విప్పి బోటులోకి విసిరాడు.