పారేసిన ఆకులు

త్రినాథ్ థీసిస్ టైపు అయింది, బైండింగ్ అయింది, అతని గైడ్ ఆచార్య సువార్త బల్ల మీదకు చేరింది. అక్కడ ఆగిపోయింది. ఆవిడ సంతకం పెట్టలేదు. పెట్టనని కూడా అనలేదు.

అతనికి తొందర ఉంది. విజయనగరం దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీ వాళ్లు లెక్చరర్ పోస్టు అతని కోసం అట్టేపెట్టారు. నెలాఖరులోగా థీసిస్ సమర్పించినట్టు కాగితం తెస్తే చేరవచ్చు. లేకపోతే వేరొకరిని తీసుకుంటామని మర్యాదగానే చెప్పారు. ఉద్యోగం వచ్చేసిందని త్రినాథ్ అప్పటికే ఊళ్లో అందరికీ చెప్పేశాడు.

అతను తయారుచేసింది అరచేతిలో ఇమిడే యంత్రం. దాని అంచున ఉన్న సందులో ఆకు పెడితే, రకరకాల రంగుల కాంతిని ఆకు గుండా పంపి, అది ఏ మందు మొక్కదో తెర మీద తెలుగులో చూపిస్తుంది. నెట్ అక్కర్లేదు. లోపలి చిప్ మామూలుది కాదు. మామూలు చిప్‌లో సర్క్యూట్ ఒకసారి గీశాక ఇక మారదు. దీనిలో ఎప్పటికప్పుడు మార్చుకోవచ్చు. కాసేపు అడ్డసరాన్ని పోల్చే సర్క్యూట్‌గా ఉంటుంది, మరుక్షణం తిప్పతీగను పోల్చే సర్క్యూట్‌గా మారుతుంది. అలా వరసగా మారుతూ పెద్ద కంప్యూటరు చేసే పనిని చిన్న బ్యాటరీతో చేసేస్తుంది.

కొండల దిగువన మూలికలు కొనే కేంద్రాలున్నాయి. యంత్రం వాటి కోసం. అక్కడికి బస్తాల్లో వచ్చే నేల ఉసిరి కామెర్ల మందులోకి పోతుంది. దానితో పాటు అచ్చం అలాగే కనిపించే వేరే మొక్కలూ పోతుంటాయి. కొన్నవాళ్లకు తెలియదు. మందు తాగినవాళ్లకు అసలే తెలియదు.

యంత్రం నూటికి తొంభై ఎనిమిది సార్లు సరిగ్గా చెబుతోంది. ఒక సదస్సులో త్రినాథ్ ఈ అంకె చెప్పినప్పుడు చప్పట్లు కొట్టారు.

సువార్త గారు ఎలక్ట్రానిక్స్ విభాగంలో అందరికన్నా సీనియర్. తక్కువ మాట్లాడతారు. ఆవిడ దగ్గరికి రెండుసార్లు వెళ్లాలి, ఒకసారి ప్రశ్నకు, ఇంకోసారి జవాబుకు అని విద్యార్థులు చెప్పుకుంటారు. త్రినాథ్ రెండోసారి కాదు, నాలుగోసారి వెళ్లాడు. ఏదైనా తప్పుంటే చెప్పమని అడిగాడు. ఆవిడ థీసిస్ వైపు చూడలేదు. పొద్దున్నే యంత్రం తీసుకుని మందు మొక్కల తోటకు రమ్మన్నారు.

బయటికొచ్చి రెహానాకు చెప్పాడు. రెహానా అదే ల్యాబులో అతని జూనియర్. వాళ్లిద్దరిదీ ఒకే బల్ల.

"సంతకానికి ముందు దర్శనం అన్నమాట," అంది రెహానా. "డాక్టర్ గారూ, స్వీట్లు మాత్రం పూతరేకులే. వేరేవి ఒప్పుకోను."

తోట వృక్షశాస్త్ర విభాగం వెనకాల ఉంది. మళ్లు చిన్నవి, ఒక్కో మడికి పేరు రాసిన రేకు ముక్క. త్రినాథ్ ఉతికిన చొక్కా వేసుకుని రెహానాతో కలిసి వచ్చాడు. సువార్త గారు మామూలు నేత చీరలోనే వచ్చి, మొదలుపెట్టమన్నట్టు తలాడించారు.

అతను అడ్డసరం మడి దగ్గర వంగాడు. ఆకు కోసి సందులో పెట్టాడు. తెర మీద అడ్డసరం అని వచ్చింది. తిప్పతీగ దగ్గరికి వెళ్లాడు. తిప్పతీగ అని వచ్చింది. నేలవేము, పొడపత్రి, సరస్వతి ఆకు. యంత్రం ఒక్కచోట కూడా తడబడలేదు. అతని గొంతులో హుషారు పెరిగింది. సర్క్యూట్ ఎంత వేగంగా మారుతోందో, బ్యాటరీ ఎంత తక్కువ తింటోందో నడుస్తూనే వివరించాడు.

సువార్త గారు అతని వెనకాలే నడిచారు. తెర వైపు పెద్దగా చూడలేదు. మధ్యమధ్యలో వంగి నేల మీంచి ఏదో తీసుకుంటున్నారు. ఆవిడకు మోకాళ్ల నొప్పులు. రెహానా సాయానికి వెళ్లబోతే వద్దని చేత్తోనే చెప్పారు.

చివరి మడి దగ్గర త్రినాథ్ నడుము నిటారు చేసుకున్నాడు.

"అన్నీ సరిగ్గా చెప్పింది మేడం."

సువార్త గారు కొంగు విప్పి చూపించారు. అందులో ఆకులున్నాయి.

"ఇవి కూడా పెట్టు."

"ఇవెక్కడివి మేడం?"

"నీ కాళ్ల దగ్గరివి."

అతనికి అర్థం కాలేదు. రెహానా నవ్వు ఆపుకోలేకపోయింది.

"నువ్వు పారేసినవే అన్నా. ఒకటి కోస్తావు, చూస్తావు, పారేస్తావు. ఇంకోటి కోసి పెడతావు. ల్యాబులో కూడా అంతే. రోజూ ఊడ్చేది నేను కదా, నాకు తెలీదా?"

త్రినాథ్ ఆకులు అందుకున్నాడు. ఒకదానికి పురుగు చిల్లు. ఒకటి ముదిరి పసుపు తిరిగింది. ఒకటి లేత చిగురు. ఒకదాని మీద మట్టి చింది ఎండిపోయింది. ఇంకొకటి మామూలుగానే ఉంది, కాస్త వంకర అంతే. వాటిని కోసినట్టు గానీ పారేసినట్టు గానీ అతనికి గుర్తు లేదు.

ఒక్కొక్కటే పెట్టాడు. యంత్రం అడ్డసరాన్ని నేలవేము అంది. తిప్పతీగను పొడపత్రి అంది. చిగురును మాత్రం సరిగ్గా చెప్పింది. మట్టి ఆకు పెడితే తెర కాసేపు ఆలోచించి సరస్వతి ఆకు అని తేల్చింది. అది సరస్వతి ఆకు కాదు.

"ఇవి పనికొచ్చే ఆకులు కావు మేడం," అన్నాడు త్రినాథ్.

"ఇది ఏ మొక్కది?" పురుగు చిల్లు ఆకును చూపించి అడిగారు సువార్త గారు.

"అడ్డసరానిది."

"చూడగానే చెప్పావు."

"నాకు తెలుసు కదా మేడం."

ఆవిడ కుళాయి వైపు నడిచారు. అతను వెంటే వెళ్లాడు. వాడేవాళ్లకు సూచనలు ఇస్తానన్నాడు. చిల్లులు లేని, మధ్య వయసు ఆకు ఎంచుకోవాలని, తుడిచి పెట్టాలని యంత్రం వెనకే రాయిస్తానన్నాడు. మంచి ఆకు ఎలా ఉంటుందో బొమ్మ కూడా వేయిస్తానన్నాడు.

సువార్త గారు కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటూ విన్నారు.

"ఏ మొక్కకు మంచి ఆకు ఏదో తెలిసినవాడికి నీ యంత్రం దేనికి, త్రినాథ్?"

కొంగుతో చేతులు తుడుచుకుని ఆవిడ క్లాసుకు వెళ్లిపోయారు.

ఆ రోజంతా అతను కోపంగానే ఉన్నాడు. పరిశోధన అన్నాక ఎవరైనా మంచి నమూనాలే తీసుకుంటారని రెహానాతో వాదించాడు. ముక్కలైన గాజు పలకను మైక్రోస్కోపు కింద పెడతామా అని అడిగాడు. రెహానా టిఫిన్ డబ్బా మూత తీస్తూ, నాతో గెలిస్తే సంతకం రాదు అన్నా, తిను ముందు అంది.

సాయంత్రం కంప్యూటరు ముందు కూర్చుని పాత లెక్కలన్నీ తీశాడు. పారేసిన ఆకులు కొద్దిగానే అయితే మేడంకు అంకెలతో జవాబు చెప్పవచ్చని అతని ఆలోచన. యంత్రంలో పెట్టిన ప్రతి ఆకూ లెక్కలో ఉంది. కోసిన రోజు, మడి, ఎండ, తేమ అన్నీ ఉన్నాయి. పారేసిన ఆకు ఒక్కటి కూడా ఎక్కడా లేదు. అవి ఎన్నో చెప్పడానికి ఏ దారీ లేదు.

నెలాఖరుకు ముందు రోజు కొండ దిగువ కేంద్రం నుంచి ఒక బస్తా వచ్చింది. నేల ఉసిరి అని చెప్పి పంపారు. పరీక్షకు కావాలని త్రినాథే ఎప్పుడో అడిగి మరిచిపోయాడు. మూట విప్పితే పచ్చి వాసన, పుల్లలు, మట్టి. రెమ్మలు వాడి ముడుచుకుపోయాయి.

అతను గుప్పెడు తీసి బల్ల మీద పరిచాడు. పరుస్తుండగానే అతని వేళ్లు కొన్ని రెమ్మలను పక్కకు నెట్టేశాయి. అవి నేల ఉసిరి కావు. అలాగే కనిపించే పక్క మొక్కవి. అతను వాటిని చూసి, తీసేయాలని అనుకుని తీసినవి కావు. అతను తెలుసుకునేలోపే చెయ్యి ఆ పని చేసేసింది.

రెహానా ఆ రెమ్మలను మళ్లీ గుంపులోకి తోసింది.

"తియ్యకు అన్నా. అక్కడ తీసేవాళ్లు ఉండరు."

అతను అన్నీ పెట్టాడు, వరస తప్పకుండా. యంత్రం పక్క మొక్కను నేల ఉసిరి అంది. వాడిన నేల ఉసిరిని వేరేదేదో అంది. ప్రతిసారీ ఏమాత్రం సందేహం లేకుండా అంది. కేంద్రంలో ఈ యంత్రం ఉండి ఉంటే మంచి రెమ్మలు బయటికి పోయేవి, పక్క మొక్క మందులోకి పోయేది. పైగా, యంత్రం చూసింది కాబట్టి ఇంకెవరూ చూసేవాళ్లు కాదు.

రెహానా రెమ్మలన్నీ మళ్లీ బస్తాలోకి ఎత్తింది. ఇద్దరూ కలిసి బస్తా మూతి కట్టేశారు.

మర్నాడు అతను వెళ్లేసరికి సువార్త గారి బల్ల మీద థీసిస్ తెరిచి ఉంది. గైడ్ ధ్రువీకరించాల్సిన పేజీ పైన ఉంది. ఆవిడ పెన్ను మూత తీసి పట్టుకున్నారు.

కాలేజీకి ఇవాళే గడువని తనకు తెలుసన్నారు. అతని కష్టం తాను చూశానన్నారు. ఒక మనిషి బతుకుతెరువును తన బల్ల మీద ఆపి ఉంచే హక్కు తనకు లేదన్నారు.

"పెట్టమంటే పెడతాను. ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు."

త్రినాథ్ పెన్ను వైపు చూశాడు. ఆ ఖాళీ గీత వైపు చూశాడు. ఆవిడ తొందరపెట్టలేదు. కారిడార్‌లో ఎవరో ఎవరినో టీకి పిలుస్తున్నారు.

"రాయనిది ఉంది మేడం," అన్నాడు.

థీసిస్ మూసి చేతిలోకి తీసుకున్నాడు. సువార్త గారు పెన్నుకు మూత పెట్టారు.

అతను మెట్ల దగ్గర నిలబడి కాలేజీకి ఫోన్ చేశాడు. ఇంకొంత సమయం అడిగాడు. అవతలి మనిషి విచారం తెలిపి, శుభాకాంక్షలు చెప్పాడు. వారం తిరక్కుండా ఆ పోస్టులో వేరే వాళ్లు చేరారని తెలిసింది. ఊళ్లో ఏం చెప్పాలో తెలియక అతను కొన్నాళ్లు ఇంటికి వెళ్లలేదు.

పని మళ్లీ మొదటినుంచి మొదలైంది. ఈసారి ఆకులు కోసే పని అతనిది కాదు. కేంద్రాల నుంచి బస్తాలు తెప్పించేవాడు. ల్యాబులో ఎవరు దొరికితే వాళ్లను పిలిచి గుప్పెడు తీయమనేవాడు. గుప్పిట్లో వచ్చింది వచ్చినట్టు యంత్రంలోకి వెళ్లాల్సిందే, చిల్లులతో, మట్టితో, పక్క మొక్కలతో సహా. ఆ పని జరుగుతున్నంతసేపూ అతను చేతులు జేబుల్లో పెట్టుకుని నిలబడేవాడు. రెహానా అతన్ని చూసి, ఏమిటన్నా, మగపెళ్లివారిలా నిలబడ్డావు అనేది. ఆకు పోలిక ఏదీ తేలనప్పుడు ఏదో ఒక పేరు చెప్పేయకుండా, తెలియలేదు అని తెర మీద చూపడం కూడా యంత్రానికి నేర్పాడు. అది నేర్పడానికి మిగతా అన్నిటికన్నా ఎక్కువ కాలం పట్టింది.

అంకె పడిపోయింది. మెల్లగా కొంత లేచింది. డెబ్బై దాటి ఆగింది. ఆ అంకెతోనే థీసిస్ మళ్లీ రాశాడు. సువార్త గారు దాన్ని తీసుకున్న రోజే సంతకం పెట్టి ఇచ్చారు.

మౌఖిక పరీక్షకు బయటి విశ్వవిద్యాలయం నుంచి ఒక పెద్దాయన వచ్చారు. ఆ సదస్సులో చప్పట్లు కొట్టినవాళ్లలో ఆయన ఒకరు. థీసిస్ తిరగేస్తూ ఒక పట్టిక దగ్గర ఆగి, కళ్లజోడు పైకి జరిపారు.

ఏళ్ల తరబడి ఒకే పని చేసేవాళ్ల అంకెలు పెరగడం చూశాను గానీ ఇలా తగ్గడం చూడలేదన్నారు. అప్పుడు తొంభై ఎనిమిది చెప్పారు, ఇప్పుడు డెబ్బై ఒకటి అంటున్నారు, చిప్ మార్చారా అని అడిగారు. లేదన్నాడు త్రినాథ్. సెన్సర్ పాడైందా అని అడిగారు. అదీ లేదన్నాడు.

"మరి తేడా ఎక్కడ వచ్చింది?"

"అప్పుడు యంత్రంతో పాటు నేనూ చూశాను సార్. ఇప్పుడు అదొక్కటే చూస్తోంది."

వెనక వరసలో రెహానా తల వంచుకుని కూర్చుంది. పెద్దాయన ఆ పట్టికను మళ్లీ ఒకసారి చదివి, సువార్త గారి వైపు తిరిగారు. గైడ్‌గా మీరేమైనా అడగదలచుకున్నారా అన్నారు.

"తొంభై ఎనిమిది వచ్చినప్పుడు అడగాల్సినవి చాలా ఉండేవండీ," అన్నారు సువార్త గారు. "ఇప్పుడు ఏమీ లేవు."