వేపాకు పాయసం

ఈ కథలో ముందు గంజిబానలు ఆగిపోయాయో, ముందు రాజుగారికి అంబారీ మీద మనసు పుట్టిందో నాకు సరిగ్గా గుర్తు రావడం లేదు. ఒకటీ అరా ముందు వెనకలైతే మీరే సర్దుకోండి. పాయసం సంగతి మాత్రం గిన్నెతో సహా గుర్తుంది.

మల్లెకొండను ముమ్మడి భూపతి ఏలుతున్న రోజుల్లో ఊళ్లో ఒక వింత జ్వరం పాకింది. అది సోకినవాళ్లకు ముందు నాలుక మొద్దుబారేది, ఒళ్లు కాలడం ఆ తర్వాత. అందుకని వైద్యులు బుట్టలతో వేపాకు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి, తలా ఒక రెబ్బ నమిలించేవారు. మొహం చిట్లించినవాడు క్షేమం. మేకలా తాపీగా నమిలినవాడికి జ్వరం. జ్వరం తేలిన వాడకు కోట నుంచి గంజిబానా, కషాయమూ వెళ్లేవి.

నెల తిరిగేసరికి రాజుగారికి విసుగొచ్చింది.

"ఊళ్లో జ్వరాలు పదిలోపుకు దిగాయన్న మాట ఎవరు తెస్తే, వాళ్లను అంబారీలో నా పక్కన కూర్చోబెట్టుకుని ఊరేగుతాను" అన్నారు.

మంత్రి పేరయ నాలుగో రోజుకల్లా ఆ మాట తెచ్చాడు.

"ప్రభూ, మొన్న నాలుగు వందలు. నిన్న నలభై. ఇవాళ నాలుగంటే నాలుగు."

ఎలా తగ్గాయంటే, మొన్న వెయ్యిమందికి ఆకిచ్చారు, నిన్న వందమందికి, ఇవాళ పదిమందికి.

అంగడి వీధిలో జనం రెండు జట్లయ్యారు. ఆకు ఆపితే జ్వరం ఆగుతుందా అని ఒక జట్టు. ఆకు నమిలించబట్టే ఇన్ని జ్వరాలు బయల్దేరాయని ఇంకో జట్టు. రెండో మాట మంత్రిగారి నోట పుట్టిందే.

కాచమ్మ ఏ జట్టులోనూ లేదు. కోటలో ఆమె పని రాజుగారి కంటే ముందు ప్రతి వంటకమూ రుచి చూడడం. కానీ సాలెవాడలో ఉన్న ఆమె చెల్లెలి పిల్లలిద్దరూ మంచం పట్టారు. సాలెవాడకు ఆకు వెళ్లలేదు కాబట్టి అక్కడ జ్వరం లేదన్నారు. జ్వరం లేదు కాబట్టి గంజిబాన ఆపేశారు.

ఆమె సభలోనే అడిగింది.

"అయ్యా, మా సాలెవాడలో ఇంటికొకరు పడి ఉన్నారు. మూడు రోజులుగా గంజి లేదు."

"నా లెక్కలో సాలెవాడలో జ్వరమే లేదు" అన్నాడు పేరయ.

"ఆకిస్తే కదయ్యా తెలిసేది."

"ఆకిస్తే జ్వరాలు పెరుగుతాయి. ఇన్నాళ్లూ చూశాంగా. గరిటె నాకేదానివి, రాజ్యం గొడవ నీకెందుకే కాచీ?"

సభ నవ్వింది. రాజుగారూ నవ్వారు. శుక్రవారం ఊరేగింపు ఖాయమైంది.

పేరయ గురించి ఒక మాట చెప్పాలి. రాజుగారి కంటే ముందు రుచి చూసే కాచమ్మ గౌరవం తనకూ కావాలని ఆయన ఎప్పుడో పట్టుబట్టాడు. ఆమె తర్వాత తనూ ఒక గరిటె తిని, వంటకాన్ని నోరారా పొగిడాకే రాజుగారికి వడ్డించాలని ఆనవాయితీ పెట్టించుకున్నాడు.

ఆ మధ్యాహ్నం వంటవాడు పప్పులో ఉప్పు మరిచాడు. కాచమ్మ ఆ మాట చెప్పబోయేలోగా పేరయ ఒక గరిటె తినేసి, "ఉప్పు భలే అమరింది ప్రభూ" అన్నాడు. రాజుగారు ఒక ముద్ద తిని, మంత్రి మాట కాదనలేక, పెరుగన్నంలోకి దిగారు.

కాచమ్మ మాత్రం మంత్రిగారి మొహం వంక చాలాసేపు చూసింది.

శుక్రవారం వచ్చింది. ఏనుగు గుమ్మం ముందు నిలబడింది. ఊరేగింపుకు ముందు సభలో పాయసం. కాచమ్మ తనే కలిపి, తనే తెచ్చి, అందరి ముందూ ఒక గరిటె తిన్నది. ముప్పై ఏళ్లుగా రుచులు చూసిన మొహం అది, ఇసుమంతైనా కదల్లేదు.

"ఎలా ఉందే?" అన్నాడు పేరయ.

"తమరే సెలవియ్యండి."

పేరయ ఒకటి కాదు, రెండు గరిటెలు తిన్నాడు. కళ్లు మూసుకున్నాడు.

"అమృతం ప్రభూ. చెరకుతోటలో చినుకు పడ్డట్టుంది."

రాజుగారు ఆశగా నోటినిండా పోసుకున్నారు. మరుక్షణం అదంతా పట్టు దిండు మీద ఉంది.

"ఏం కలిపావే ఇందులో?" భటుల చేతులు కత్తుల మీదికి వెళ్లాయి.

"దోసెడు వేపాకు పసరు. ఏలినవారికి చేదు తగిలింది, నాకదే పదివేలు."

"మరి పేరయ రెండు గరిటెలు తిన్నాడే?"

"నేనూ అదే అడుగుదామని ఉన్నాను. చేదు తెలిసే అమృతమన్నారా, ఏలినవారి తిండి దగ్గర అబద్ధమాడినట్టు. తెలియకే అన్నారా..."

మిగతాది ఆమె అనలేదు. తిండి దగ్గర అబద్ధమాడినవాణ్ణి గుండు కొట్టించి పొలిమేర దాటించడం ఆ రాజ్యంలో అందరూ ఎరిగిన శిక్ష. పేరయ చేతిలో గరిటె వంక చూశాడు, తల తడుముకున్నాడు.

"తెలియలేదు ప్రభూ" అన్నాడు, మెల్లగా.

ఆయనకు రెండు పక్కలా కూర్చున్నవాళ్లు ఆసనాలతో సహా జరిగారు.

"పేరయా, పొద్దున ఈ సభలో జ్వరాలెన్ని?" అన్నారు రాజుగారు.

"లేవు ప్రభూ."

"ఇప్పుడో?"

"ఒకటి."

కాచమ్మ గిన్నె మీద మూత పెడుతూ అడిగింది.

"ఆ ఒక్కటీ నా పాయసంలోంచి వచ్చిందంటారా అయ్యవారూ, పొద్దున్నుంచీ తమ దగ్గరే ఉందంటారా?"

ముందు రాజుగారు నవ్వారు, తర్వాత సభంతా. గుమ్మంలో మావటివాడికి ఏం జరిగిందో తెలియదు, అయినా నవ్వాడు.

రాజుగారు తన చేతి కడియం తీసి కాచమ్మకిచ్చారు. సభలో మొదలుపెట్టి ఊరంతా, ఒక్క ఇల్లూ వదలకుండా ఆకు ఇమ్మన్నారు. సిద్ధంగా ఉన్న ఏనుగు మీద గంజిబానలు కట్టించి, అంబారీలో కాచమ్మను ఎక్కించి, సాలెవాడకు పంపారు.

వెనక నుంచి ఆయన మాట ఒకటి వినబడింది.

"మంత్రిగారింటికీ ఒక చెంబు గంజి దింపండి. ఉప్పు వెయ్యనక్కర్లేదు."

అమ్మాయ్ సుభద్రా, నేను చెప్పిందంతా రాసుకోవడం అయ్యాక, రాజు ముమ్మడి భూపతో ఇమ్మడి భూపతో, మంత్రి పేరయో పోచయో ఒకసారి మీ నాన్నను అడిగి సరిచూడు. కాచమ్మ పేరు మాత్రం అడగక్కర్లేదు.