ఏనుగు ఒంటి మీద నీడలాట

తేనెగుట్టల అడవిలో ఎలుగుబంట్లు, ఉడుతలు, కుందేళ్లు, జింకలు, ఒక నెమలి, ఒక పెద్ద ఏనుగు ఉండేవి. వాటన్నిటికీ ఎంతో ఇష్టమైనది నీడలాట.

నీడలాటను మొదలుపెట్టింది ఇద్దరు. ఒకరు జంబన్న అనే ఎలుగుబంటి. ఇంకొకరు తురాయి అనే ఉడుత. వాళ్ల గుహలోకి పొద్దున్నే ఎండ సూటిగా వచ్చి, లోపలి తెల్లటి బండ మీద పడేది. ఎండకు అడ్డంగా నిలబడి ఆడితే, బండ మీద నీడలు ఆడేవి. తురాయి కథలు కట్టేది. జంబన్న దుష్టుడి వేషం వేసేవాడు. చూడటానికి వచ్చినవాళ్లు తలా ఒక పండు ఇచ్చేవారు.

పింఛారావు అనే నెమలి చేరాక ఆటకు ఎక్కడలేని పేరొచ్చింది. అతను పురి విప్పగానే పిల్లలు ఈలలు వేసేవారు.

పేరుతో పాటు జంబన్నకు గర్వం కూడా వచ్చింది. తేనెపట్లు ఇచ్చి, అడవిలో ఎండ పడే గుహలన్నీ సొంతం చేసుకున్నాడు. తర్వాత ఒక కొత్త పద్ధతి పెట్టాడు. నెమలి ఆట ఒక్కటే చూస్తామంటే కుదరదు. ముందే ఐదు పండ్లు ఇవ్వాలి. మొదట జంబన్న మేనల్లుళ్ల ఆటలు నాలుగు చూడాలి. ఆ తర్వాతే నెమలి ఆట.

ఆ మేనల్లుళ్లకు ఆడటం రాదు. ఒకడు వీపు గోక్కునేవాడు. ఇంకొకడు ఆటంతా పడుకునే ఉండేవాడు.

"జంబన్న మామా, పడుకునే ఆటలో కథేముంది?" అని అడిగింది ఒక కుందేలు.

"ఓపిక పట్టవే. చివర్లో లేస్తాడు," అన్నాడు జంబన్న.

తురాయికి ఈ పద్ధతి నచ్చలేదు. "అన్నా, ఇది మానెయ్. అందరూ విసిగిపోతున్నారు," అంది.

"విసుగేంటి? గుహలో వంద మంది ఉన్నారు. తలా ఐదు పండ్లు. ఎంతయిందో నువ్వే చెప్పు!"

"ఐదు వందలు. నువ్వు వచ్చినవాళ్లను లెక్కపెట్టావు. నేను మెలకువగా ఉన్నవాళ్లను లెక్కపెట్టాను. నీ మూడో మేనల్లుడి ఆటకు పన్నెండు మందే మిగిలారు. అందులో నలుగురు నీ చెల్లెళ్లు."

జంబన్నకు ఒళ్లు మండింది. "గుహలన్నీ నావి. మామిడి పండ్లు వచ్చేదాకా నా దగ్గరే ఆడతానని పింఛారావు మాటిచ్చాడు. నచ్చకపోతే వెళ్లిపో. ఏ గోడ మీద ఆడతావో నేనూ చూస్తాను!" అని అరిచాడు.

తురాయి బయటికొచ్చింది. అడవంతా వెతికింది. చెట్ల బెరడు మీద నీడ గజిబిజిగా పడింది. చెరువు నీళ్ల మీద చెదిరిపోయింది. గోడ దొరక్కపోతే కథలు కట్టడం మానేయాలి. మిగతా ఉడుతల్లా గింజలు ఏరుకుంటూ బతకాలి. ఆ మాట తలచుకుంటేనే దానికి ఏడుపొచ్చింది.

ఒక సాయంత్రం చెరువు గట్టున గున్నమ్మ అనే ఏనుగు ఒంటికి తెల్లమట్టి పూసుకుని ఆరబెట్టుకుంటోంది. తురాయి పక్కనున్న కొమ్మ మీద పరుగెత్తింది. దాని నీడ ఏనుగు పక్కల మీద నల్లగా, చక్కగా పడింది.

"అక్కా, కదలకు!" అని కేక పెట్టింది తురాయి.

"ఏమైందే? తేలు పాకుతోందా?"

"పాకుతున్నది నా నీడ! ఎంత బాగుందో చూడు!"

"నా పక్కలు నాకెలా కనిపిస్తాయే, పిచ్చిదానా!" అంది గున్నమ్మ.

తురాయి సంగతంతా చెప్పింది. "నువ్వే నా గోడవి అక్కా. వచ్చిన పండ్లలో సగం నీకు."

"నా పొట్ట చూశావా? సగం ఏ మూలకు?"

"అయితే ముప్పావు వంతు."

"ఇప్పుడు దారికొచ్చావు," అని గున్నమ్మ తొండం ఊపింది.

తురాయి తాబేలుకు, ముళ్లపందికి ఆట నేర్పింది. ఒక్కో ఆటకు ఒక్కటే పండు. అదీ ఆట అయ్యాక, నచ్చితేనే. గుహ దాకా రాలేని ముసలి జింకల దగ్గరికి గోడే నడుచుకుంటూ వెళ్లేది. హాస్యం వచ్చినప్పుడు గున్నమ్మకు నవ్వు ఆగేది కాదు. గోడంతా ఊగేది. నీడలన్నీ గంతులేసేవి. పిల్లలు పడీపడీ నవ్వేవారు.

మామిడి పండ్లు వచ్చాయి. పింఛారావు ఇచ్చిన మాట గడువు తీరింది. అతను నేరుగా తురాయి దగ్గరికొచ్చాడు. "నా ఆట మొదలయ్యేసరికి గుహంతా గురకలే. నిద్రపోయేవాళ్ల ముందు పురి విప్పి ఏం లాభం?" అన్నాడు.

నెమలి వెళ్లాక గుహలో జంబన్న చెల్లెళ్లు మాత్రమే మిగిలారు. కొన్నాళ్లకు వాళ్లు కూడా ఏనుగు ఆటకు వెళ్లిపోయారు. ఖాళీ గుహల్లో గబ్బిలాలు కాపురం పెట్టాయి.

ఒక సాయంత్రం జంబన్న తల వంచుకుని చెరువు గట్టుకు వచ్చాడు. "తురాయీ, తప్పు చేశానమ్మా. నాకేదైనా వేషం ఉందా?"

"ఉందన్నా. నీ అంత భయంకరంగా అరిచే దుష్టుడు నాకు ఇంకా దొరకలేదు."

"మరి నా మేనల్లుళ్లు?"

"గున్నమ్మక్కకు రోజూ తెల్లమట్టి పూయాలి. నలుగురికీ చేతినిండా పని."

జంబన్న ఎండకు అడ్డంగా నిలబడ్డాడు. ఇప్పుడు ఎవరికి నచ్చకపోయినా లేచి వెళ్లిపోవచ్చు. అతను గట్టిగా ఊపిరి పీల్చి, చేతులు పైకెత్తి ఒక్క అరుపు అరిచాడు. కుందేలు పిల్లలు హడలిపోయి తల్లుల వెనక దాక్కున్నాయి. మరుక్షణం చెవులు బయటపెట్టి, "మళ్లీ! మళ్లీ అరువు మామా!" అని గంతులేశాయి.

జంబన్న ముఖం వెలిగిపోయింది. పొద్దు గుంకేదాకా అరుస్తూనే ఉన్నాడు.

నీతి: దారులన్నీ మూసేసి పదిమందిని కూర్చోబెట్టవచ్చు, కానీ వాళ్ల మెప్పు పొందాలంటే మంచి పని చేసి చూపించాల్సిందే.