పడుకున్న అక్షరాలు

కామేశానికి వచ్చిన చిక్కల్లా ఒక్క పిల్లతోనే.

అసలు అతడు ఆ లంక గ్రామానికి వచ్చింది పిల్లలకు అక్షరాలు దిద్దించడానికి కాదు. పేరిశాస్త్రిగారి దగ్గర తాటాకుల మీద రాసిన వ్యాకరణ గ్రంథం ఒకటి ఉంది. పసుపు గుడ్డలో చుట్టి, దూలానికి వేలాడదీసి ఉంటుంది. దాన్ని మొదటినుంచి చివరిదాకా చెప్పగలవాళ్లు ఆయన తప్ప ఇంకెవరూ మిగల్లేదు. కామేశం ఎక్కడ చదివినా, ఎవరి దగ్గర కూర్చున్నా, ఏదో ఒక చోట పాఠం ఆగిపోయేది. "ఇక్కడి నుంచి పేరిశాస్త్రిగారే చెప్పాలయ్యా" అనేవారు. ఆ మాట విని విని, చూడని కట్ట మీద అతనికి బెంగ పట్టుకుంది. చివరికి రేవులు దాటుకుంటూ వచ్చి, ఆయన కాళ్లకు దణ్ణం పెట్టి, ఎందుకొచ్చాడో చెప్పాడు.

శాస్త్రిగారు అతణ్ణి తేరిపార చూశారు.

"ఇసుక బడి చూస్తూ ఉండు. బడిలో ఉన్నవాళ్లందరికీ చదవడం వచ్చిన రోజున కట్ట విప్పుదాం."

ఇసుక బడి అంటే ఆయన ఇంటి పక్కనున్న తాటాకు పాక. నేలంతా గోదావరి ఇసుక. పలక చేతికి రాకముందు పిల్లలు అందులోనే వేలితో దిద్దుతారు. పంతులు ముందు రాస్తాడు. పిల్ల ఆ గాడిలో వేలు పెట్టి, నోటితో పలుకుతూ, గాడి లోతయ్యేదాకా తిప్పుతుంది. సాయంత్రం అందరూ కలిసి ఇసుకను చెక్కతో చదును చేసి ఇళ్లకు పోతారు.

'వానలు వెనకబట్టేలోపు అయిపోతుంది' అనుకున్నాడు కామేశం.

అన్నట్టే పిల్లలు చకచకా అందుకున్నారు. గుణింతాలు దాటారు, ఒత్తులు దాటారు, చిన్న చిన్న వాక్యాలు కూడబలుక్కుంటున్నారు. ఒక్క మావుళ్లు తప్ప.

మావుళ్లు పడవవాళ్ల పిల్ల. తల్లి లేదు. చేపల బుట్ట మోసే మేనత్త పోలమ్మ దగ్గర పెరుగుతోంది. పిల్ల మంచిదే. రాసిచ్చినదాని మీద దిద్దమంటే బుద్ధిగా దిద్దేది. కానీ తనంతట తాను రాయమంటే మటుకు మెడ ఒక పక్కకు వాల్చి, కుడి చెవి భుజానికి ఆనించి, అక్షరాలను పడుకోబెట్టి రాసేది. అదీ అతను చెప్పిన అక్షరాలు కావు. ఎప్పుడు చూసినా అవే మూడు మెలికలు, గాలికి ఒరిగిన చేనులాగా.

కామేశం భుజాలు పట్టుకుని సరిగ్గా కూర్చోబెట్టేవాడు. "మెడ నిలబెట్టు!" అనేవాడు. అటు తిరిగేసరికి మెడ మళ్లీ వాలిపోయేది. తోటిపిల్లలు ఆమెకు 'వాలు మావుళ్లు' అని పేరు పెట్టేశారు.

ఒకరోజు కాలాల పాఠం చెబుతున్నాడు. అయిపోయిన పని ఎలా చెప్పాలి, కాబోయే పని ఎలా చెప్పాలి. పిల్లలకు తెలిసిన వస్తువైతే మంచిదని పడవను తీసుకున్నాడు.

"పడవ రేపు వస్తుంది. అదే నిన్నటి సంగతిగా చెప్పు, మావుళ్లూ."

మావుళ్లు లేచి నిలబడింది.

"రాలేదండి," అంది.

పాక గొల్లుమంది.

"వచ్చిందా రాలేదా అని కాదమ్మా నేనడిగేది. 'పడవ నిన్న వచ్చింది' అను, అంతే."

"రాలేదు కదండి."

"ఊరికే అనవే!"

"రాకుండానే వచ్చిందని ఎలాగంటానండి?"

కామేశానికి ఒళ్లు మండింది. పసుపు కట్ట అక్కడ దూలానికి వేలాడుతోంది. ఇక్కడ ఈ పిల్ల అడ్డంగా నిలబడింది. దీనికి వచ్చేదెప్పుడు, తనకు ఆ కట్ట విప్పేదెప్పుడు? ఒక్క పిల్ల బడి మానేస్తే మిగిలినవాళ్లందరికీ వచ్చినట్టే కదా అన్న ఆలోచన ఎప్పటినుంచో లోపల మసులుతూనే ఉంది. ఆ రోజు అది పైకి వచ్చేసింది.

బుట్ట దించి పిల్ల కోసం వచ్చిన పోలమ్మను పాక గుమ్మం దగ్గర ఆపాడు.

"ఏమండీ పంతులుగారూ, అల్లరి సేత్తందేటండి?"

"అల్లరి కాదమ్మా. దీనికి చదువెక్కదు. ఊరికే కూర్చోబెట్టి ఏం లాభం? రేపట్నించి నీ వెంట తీసుకెళ్లు. నీకూ చేతిసాయం ఉంటుంది."

పోలమ్మ లోపలికి తొంగిచూసింది. పిల్ల వినట్లేదు. మెడ వాల్చి ఏదో గీసుకుంటోంది.

"మాలో బడికెళ్లినోళ్లెవరూ లేరండి. అదే ఎళ్తానని ఏడిసింది. ఎందుకే అంటే సెప్పదు. సరేలెండి. మాకు అంతవరకే రాసుందేమో."

అరుగు మీద తాటాకులు కోస్తున్న శాస్త్రిగారు కత్తి పక్కన పెట్టారు.

"ఆ పిల్ల రాసింది చదివావా, కామేశం?"

"చదవడానికి అందులో ఏముందండీ? అన్నీ పడుకున్న గీతలు."

"చదవలేదన్నమాట."

ఆయన మెల్లిగా లేచి వచ్చారు. పాకలోకి వంగి దూరారు. మావుళ్లు ముందు కూర్చున్నారు. కూర్చుని ఊరుకోలేదు. ఒక చెయ్యి ఆనించి, మోకాళ్లు పట్టేస్తుంటే మూలుగుతూ, ఇసుకలో పక్కకు తిరిగి పడుకున్నారు. చెంప కింద అరచెయ్యి పెట్టుకున్నారు. తెల్లటి పిలక ఇసుకలో పడింది.

పిల్లలు కిసుక్కుమన్నారు. అంతలోనే వాళ్లకే ఎందుకో నవ్వు ఆగిపోయింది.

శాస్త్రిగారు ఆ గీతల వంక చూస్తూ చాలాసేపు అలాగే ఉన్నారు.

"నూ," అన్నారు.

మావుళ్లు వేలు ఆగింది.

"కా... లు. నూకాలు. అంతేనా తల్లీ?"

ఆ పిల్ల మొహంలోకి వెలుగు వచ్చింది. బడిలో చేరాక ఆ మొహం అలా ఉండగా కామేశం ఎప్పుడూ చూడలేదు.

"మా అయ్య పడవండి! మీకెలా తెలుసండి?"

"నువ్వు రాశావుగా. ఎవరు నేర్పారు నీకు?"

"ఎవరూ నేర్పలేదండి. పడవని గట్టెక్కించి తారు పూసేటప్పుడు పక్కకి పడుకోబెడతారు కదండి, అప్పుడు రంగులాయన వచ్చి పేరు రాశాడండి. నేనే డబ్బా పట్టుకున్నాను. రంగు ఆరేదాకా దాని పక్కనే కూసున్నాను, ఈగలు వాలకుండా."

"ఆ తర్వాత?"

"తెల్లారకముందే నీళ్లలోకి దింపేశారండి. నేను లేచేసరికి ఎళ్లిపోయింది. కొబ్బరికాయలు ఏసుకుని దిగువకి ఎళ్లాడండి మా అయ్య."

శాస్త్రిగారు ఇంకా పడుకునే ఉన్నారు.

"మరి తిరిగి వచ్చేటప్పుడు కూడా పడవ ఇలా పడుకునే వస్తుందా అమ్మా?"

మావుళ్లు రేవు వైపు చూసింది. మళ్లీ ఇసుక వైపు చూసింది. అరచేత్తో అక్షరాలు చెరిపేసింది. వాలిన మెడ దానంతట అదే లేచింది. నాలుక కొస పళ్ల మధ్య పెట్టుకుని, ఒక్కొక్క గీతా ఎటు లేవాలో తడుముకుంటూ, 'నూ' రాసింది. వంకరగా ఉంది, వణికింది, కానీ నిలబడింది.

"నీళ్ల మీద ఇలా ఉంటాదాండీ?"

అడిగింది శాస్త్రిగారిని కాదు, కామేశాన్ని.

కామేశం ఆ పిల్ల పక్కన కూర్చున్నాడు. వంగి, పిల్ల రాసిన గాడిలో తన వేలు పెట్టాడు. మొదట్నించి చివరిదాకా, నెమ్మదిగా దిద్దాడు.

"ఇలాగే ఉంటుందమ్మా," అన్నాడు.

పోలమ్మ బుట్ట నెత్తికెత్తుకుంది. పిల్లను రమ్మని పిలవలేదు. కామేశం పక్కనుంచి వెళుతూ గొంతు తగ్గించి, "పోయిన గాలివానకి దిగువకెళ్లిన పడవలేవీ మిగల్లేదంటన్నారండి. దానికి సెప్పే నోరు మాకెవరికీ లేదు," అని వెళ్లిపోయింది.

మర్నాటి నుంచి కామేశం పొద్దువాలే వేళకు పిల్లల్ని రేవుకు తీసుకుపోవడం మొదలుపెట్టాడు. పడవలు తిరిగొచ్చే వేళ అది. ప్రతి పడవ మీదా ఏదో ఒక పేరు. కొన్ని కొత్త రంగుతో మెరిసేవి, కొన్ని నీళ్లకు వెలిసిపోయి ఆనవాలు మటుకే మిగిలేవి. దగ్గరికొచ్చాక చదివితే లెక్కలేదు, దూరంగా ఉండగానే చదవాలి. పిల్లలకు అదో ఆట. పందేలు వేసుకుని అరిచేవాళ్లు. పేరు తప్పు చదివితే పడవవాళ్లే గెడలు ఎత్తి, "ఒరే, నా పడవకి పేరు మార్చేత్తారేంట్రా!" అని కేకలేసేవారు.

మావుళ్లు అరిచేది కాదు. మోకాళ్లు ముడుచుకుని కూర్చుని, ప్రతి పేరూ పెదాలతో చదువుకునేది. చదివాక చిన్నగా, "కాదు," అనేది. తర్వాతి పడవ కోసం చూసేది.

అలా ఊళ్లో పడవలన్నీ చదివేసింది. సంతకు వచ్చే పడవలు చదివింది. నూకాలులో లేని అక్షరాలు కూడా ఎప్పుడు వచ్చేశాయో కామేశానికే తెలియలేదు. వానలు వెనకబట్టేసరికి అందరికంటే దూరం నుంచి చదవగలిగేది ఆ పిల్లే అయింది.

ఒక మధ్యాహ్నం కామేశం గురువుగారి దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అందరికీ వచ్చేసిందండి. మావుళ్లు కూడా చదువుతోంది."

శాస్త్రిగారు దూలం వైపు చూశారు, అతని వైపు చూశారు.

"అందరికీనా?"

"అందరికీనండి. మీరే చూడవచ్చు."

"సరే, సాయంత్రం నేనూ రేవుకు వస్తాను."

ఆ సాయంత్రం పిల్లలు గురువుగారి ముందు మరీ రెచ్చిపోయి చదివారు. కామేశం మధ్యమధ్య ఆయన మొహం వంక చూస్తున్నాడు. ఆయన మెచ్చుకోలేదు, తప్పూ పట్టలేదు. మెట్టు మీద కూర్చుని వింటున్నారు. మావుళ్లు యథాప్రకారం, "కాదు... కాదు," అనుకుంటోంది.

పడవలు పలచబడ్డాయి. పిల్లలు ఇళ్లకు లేవబోతుండగా మలుపు దగ్గర నల్లటి పడవ ఒకటి కనిపించింది. దిగువ నుంచి వస్తోంది. తెరచాపకు మాసికలు. ఆ రేవులో ఎప్పుడూ చూసిన పడవ కాదు.

మావుళ్లు లేచి నిలబడింది. కామేశమూ నిలబడ్డాడు. పిల్లలు గప్‌చుప్‌గా అయిపోయారు.

తెల్లరంగు అక్షరాలు నీటి తళుకులో కదులుతున్నాయి. కనిపించీ కనిపించనట్టు.

"నూ," అంది మావుళ్లు.

"నూ," అన్నాడు కామేశం.

తనకు తెలియకుండానే నీళ్లలోకి నడిచాడు. చీలమండ, పిక్క, మోకాలు. పొత్తాలకు పొత్తాలు ఒక్క చూపులో లాగించేసిన కళ్లు అతనివి. ఇప్పుడు ఒక్క అక్షరం దగ్గర ఆగి, దాని పక్కది ఏమవుతుందోనని చూస్తున్నాయి. పడవ కాస్త తిరిగింది.

"క..." అన్నాడు. దాని తర్వాతి అక్షరం కనిపించింది. అది చదవడానికి అతనికి నోరు రాలేదు.

వెనక నుంచి మావుళ్లే చదివింది.

"రా... జు. నూకరాజు."

"కాదండి," అంది. కూర్చుంది.

"ఏటండీ పంతులుగారూ, పంచె తడిసిపోతా ఉంది, చేపలు పడతన్నారా!" అని పడవ మీంచి ఎవరో నవ్వాడు. పడవ దాటిపోయింది. దాని అల వచ్చి కామేశం మోకాళ్లను తోసి వెళ్లింది. అతడు కదల్లేదు.

మెట్టు మీద నుంచి శాస్త్రిగారి గొంతు వినిపించింది.

"ఇప్పటికి అందరికీ వచ్చిందయ్యా. రేపు పొద్దున్నే కట్ట దించు."

కామేశం ఆ మాట విన్నాడో లేదో. మలుపు దగ్గర సన్నగా ఇంకో తెరచాప లేస్తోంది.

"అదేంటో చదవండి, పంతులుగారూ," అంది మావుళ్లు.

"ఉండమ్మా," అన్నాడతను, నీళ్లలోంచి, చూపు మరల్చకుండా. "ఇంకొంచెం దగ్గరికి రానీ."